సొర నూనె రాసిన ఇమానం జాకెట్టు

సదివే పెద్దలందరికీ దండాలు. నాను ఐదో తరగతి సగంలో మానీసినోడిని. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. నోటికి ఎలాగొత్తే అలాగే రాసీసాను. ముప్పై ఐదేళ్ళు తోలు మీద సూది దించినోడిని, కాగితం మీద పెన్ను పెడితే గీత వంకర పోతంది. తప్పులు కనిపిత్తే నవ్వుకోండి గానీ మజ్జిలో మానీకండి.

నా పేరు నూకరాజు. రాయమన్నది రెహానా. నాకు తోలు పని నేర్పిన ఉస్తాద్ గారి కూతురు. వన్‌టౌన్లో మా తోలు రిపేరు షాపు ఇప్పుడు ఆ పిల్లే నడుపుతంది. నాకు కంటి సూపు తగ్గిపోయి పని మానీసాను గానీ, రోజూ ఎల్లి స్టూలు మీద కూకుని సలహాలిత్తంటాను. ఎవరూ అడగరు, అయినా ఇత్తంటాను.

"చాచా, నువ్వు నోటితో చెప్తే పని నేర్చుకోడానికొచ్చినోళ్లు నవ్వేసి పోతన్నారు. కాగితం మీద పెట్టు" అని ఒక నోటుబుక్కు ఇచ్చీసింది. నా నోరు మూయించడానికే ఇచ్చిందని మా ఇంటిది అంటంది. అదే నిజమై ఉంటాది.

అసలు ఈ జాకెట్ అంటే ఏటి

ఆడోళ్ళు సీర మీద ఏసుకునే జాకెట్టు కాదు. మా పెళ్ళిసూపుల్లో మా అత్త కూడా అలాగే అనుకుంది. "అబ్బాయి జాకెట్లు కుడతాడు" అని మజ్జిమనిసి సెప్పేసరికి, నాలుగు బ్లౌజు ముక్కలు తెచ్చి నా ఒళ్ళో పెట్టీసింది. నాను ఉస్తాద్ గారి కాడ నేర్చుకున్నది ఎల్డింగోళ్ళు కట్టుకునే తోలు ఏప్రాన్లు. ఆ కొలతలకి బ్లౌజు కుడితే పెళ్ళి అప్పుడే తప్పిపోయీది.

నాను సెప్పేది మిలట్రీ ఇమానాల్లో ఎల్లీవోళ్ళు పైన సలికి తట్టుకోడానికి ఏసుకునే తోలు కోటు. నడుముకీ మణికట్లకీ ఊలు పట్టీ ఉంటాది. కొన్నిటికి కాలర్ మీద గొర్రె బొచ్చు ఉంటాది. ఎంత పాతదైతే అంత మోజు. పూర్వం ఓడల మీద ఒచ్చినోళ్ళు మన కాడ దింపీవోరు. ఫారిన్ పాత బట్టల మూటలు, మేం బేళ్ళంటాం, అవి ఇప్పితే స్వెట్టర్ల మజ్జిన ఒకటీ అరా దొరికీది. మిలట్రీలో సేసి రిటైరైనోళ్ళ బీరువాల్లో ఉండీవి. ఇప్పుడు అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో సేసే పిల్లలు ఫోన్లో సూసి కొనీసి, సిరిగినాక షాపుకి తెత్తన్నారు.

నాను ఈ పనిలోకి ఎలాగ పడ్డానంటే

మాది సేపల ఏట కుటుంబం. మా తాత, మా అయ్య, మా అన్నలు అందరూ సముద్రం మీదే. నాకేమో పడవెక్కితే వాంతులు. ఒక్కసారి కాదు, ఎక్కిన ప్రతిసారీ. ఇరవయ్యేళ్ళు ఒచ్చినా తగ్గలేదు. మా అయ్య ఒడ్డున నిలబడి మా అమ్మతో అనీవోడు, "ఈడిని ఏటకి తీసికెల్తే సేపలకి మేత దండగ లేదే, ఈడే ఏసీత్తన్నాడు" అని.

అలాగ ఒడ్డు మీద బతికే పని ఎతుక్కుంటా ఉస్తాద్ గారి షాపుకెల్లాను. ఆయన నన్ను కింద నుంచి మీద దాకా సూసి, నా సెయ్యి ఒకటి పట్టుకుని అరిసెయ్యి నొక్కి సూసారు. "వల లాగిన చేతులు. తోలుకి సరిపోతాయి. బుర్ర సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత సూడటం ఆయన బతికున్నంత కాలం అవలేదు.

ఆయన కాడ తిట్లు తిని నేర్చుకున్నవి నాలుగు ముక్కలున్నాయి. గుడ్డకి సూది దిగి తప్పయితే ఇప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు, ఉతికితే కన్నం మూసుకుపోతాది. తోలుకి అలాగ కాదు. దిగిన కన్నం ఉండిపోతాది. అందుకే పాత కుట్టు ఇప్పితే మళ్ళీ ఆ కన్నాల్లోంచే దారం పోనియ్యాలి, కొత్త కన్నం ఎయ్యకూడదు. ఏ నూనైనా, ఏ రంగైనా ముందు కాలర్ కింద గోరంత మేర రాసి రెండ్రోజులు ఆగాలి. కస్టమరు అడిగింది తప్ప ఇంకేటీ ముట్టుకోకూడదు. కస్టమరు జాకెట్ సచ్చినా ఒంటి మీద ఏసుకోకూడదు.

ఈ నాలుగిట్లో మూడు నాను ఒకే వారంలో తప్పాను. అది సెప్పడానికే ఇదంతా రాత్తన్నాను.

నా పిచ్చి

దానికి ముందు నా పిచ్చి గురించి సెప్పాలి. జాకెట్లు బాగు సేసి సేసి నాకూ మోజు పట్టీసింది. బేళ్ళల్లోంచి ఒకటీ ఒకటీ పోగేసి ఏడు సంపాదించాను. ఏసుకునీవోడిని కూడా. విశాఖపట్నంలో. సముద్రం గాలికి బనీనే ఒంటికి అంటుకుపోతాది, ఈడు తోలు తొడుక్కుని స్కూటర్ మీద తిరుగుతాడు. ఒళ్ళంతా సెమటకాయలు. ఒకసారి సిగ్నల్ కాడ కళ్ళు తిరిగి పడిపోతే, పక్కనున్నోళ్ళు ముందు జాకెట్ ఇప్పి, అప్పుడు నీళ్ళు కొట్టారు. "అందులో మనిసున్నాడురా" అన్నారట.

మా ఇంటిది పోలమ్మ సేపలమ్ముతాది. "నీకు సలేత్తే సెప్పు, ఐసు పెట్టిలో కూకోబెడతాను. అప్పుడేసుకో" అనీది.

ఒకసారి ఒకడు నాకు ఈపు మీద కన్నమున్న జాకెట్ అమ్మాడు. "యుద్ధంలో తూటా దిగింది గురూ" అన్నాడు. నాను దాన్ని దేవుడి పటం లాగ పట్టుకొచ్చి ఉస్తాద్ గారికి సూపించాను. ఆయన కన్నంలో ఏలు పెట్టి తిప్పి, అంచు గోటితో గీకి, "ఎలక" అన్నారు. అంతే. మళ్ళీ పనిలో పడిపోయారు.

కాబట్టి కొనీవోళ్ళకి నా మాట. అమ్మినోడు సెప్పే కథ ఇనకండి, తోలుని సూడండి. కన్నం అంచు నమిలినట్టుంటే ఎలక. గుండె మీద పేరు బిళ్ళ సుట్టూ కుట్టు కొత్తగా మెరుత్తంటే బిళ్ళ నిన్న కుట్టింది. మోసేతి కాడ ముడతలు లేకుండా రంగు మాత్రం అరిగిపోయుంటే, ఎవడో గరుకు కాగితం పెట్టి రుద్దాడు. నాను ఈ మూడూ కొన్నాను.

మూర్తిగారి జాకెట్

నాకు నలభై ఏళ్ళున్నప్పటి మాట. ఉస్తాద్ గారికి కంటి ఆపరేషన్ పడింది. మూడు వారాలు షాపు నా సేతిలో పెట్టారు. అప్పటిదాకా జాకెట్ల పనిలో సివరి సెయ్యి ఆయనదే. నాను ఇప్పడం, తుడవడం. "నేనొచ్చేసరికి షాపు మీద ఒక్క మాట రాకపోతే, జాకెట్ల పని ఇంక నీదే" అన్నారు. నాకు ఇంకేటి కావాలి. కాలర్ ఎత్తుకుని తిరిగాను.

మూడో రోజు ఒక పెద్దాయనొచ్చారు. మూర్తిగారు. మిలట్రీ ఇమానాల్లో పని సేసి రిటైరైపోయి దువ్వాడలో ఉంటన్నారు. అప్పటికే డెబ్బై దాటీసినాయి. సంచీలోంచి ఆయన జాకెట్ తీసి బల్ల మీద పెట్టారు. ముదురు కాఫీ రంగు. ఈపు ఒకటే ముక్క, అతుకు లేదు. గుండె మీద తోలు బిళ్ళ, దాని మీద ఇంగ్లీషులో ఆయన పేరు. నాకు నోట్లో నీళ్ళూరినాయి.

"వచ్చే ఆదివారం మా పాతవాళ్లం కలుస్తున్నాం బాబూ. యేటా ఒక ఫోటో దిగుతాం, అందరం జాకెట్లు వేసుకుని సెల్యూట్ కొడుతూ. రెండేళ్ల నుంచీ నేను చొక్కాతోనే దిగుతున్నాను. ఇదేమో అట్టలా బిగుసుకుపోయింది. నా భుజం కూడా అలాగే బిగుసుకుపోయింది" అన్నారు.

"ఈసారి తొమ్మిది మందిమే మిగిలాం. వచ్చే ఏడు ఎవరుంటారో తెలీదు. చేతి పట్టీలు మార్చు, జిప్పు చూడు. ఆ రెండే. ఇంకేమీ ముట్టుకోకు. ఎలాగోలా దూరతాను" అని కూడా సెప్పారు.

పట్టీలు మార్సాను. పాత కన్నాల్లోంచే కుట్టాను, అది మాత్రం సక్కగా సేసాను. జిప్పు పళ్ళు సరి సేసాను. రెండ్రోజుల్లో అయిపోనాది. అక్కడితో ఆగిపోతే ఈ కథ లేదు.

తోలు నిజంగానే అప్పడం లాగ ఉంది. సెయ్యి మడిత్తే సప్పుడు సేత్తంది. ఈ పెద్దాయన ఇందులో సెయ్యి ఎలాగ ఎత్తుతాడని జాలేసింది. జాలి సగం. మిగతా సగం, ఉస్తాద్ గారొచ్చి "అరే నూకా, నాకే రాని పని చేశావే" అనాలని. మా అయ్య పడవకి ఏటా సొర సేప నూనె రాసీవోడు. ఎంత ఎండిన సెక్కయినా తాగీసి బతికీది. సెక్కకే పని సేత్తే తోలుకి సెయ్యదేటి అనుకున్నాను. ఇంట్లో డబ్బా ఉంది. తెచ్చాను. కాలర్ కింద గోరంత రాసి ఆగాలి కదా, ఆగలేదు. కాలర్ బొచ్చుకి గుడ్డ సుట్టి, మిగతాదంతా అరిసెయ్యితో పట్టించీసాను.

తోలు ఎన్న ముద్దైపోనాది. సెయ్యి పెడితే జారిపోతంది. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

సేపలింట్లో పుట్టిన ముక్కు

మర్నాడు షాపు గుమ్మంలో మూడు పిల్లులు కూకున్నాయి. పిల్లులకి కూడా నచ్చింది అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అలాగే అనుకున్నాను.

మద్దేనం రెహానా ఒచ్చింది. అప్పుడు డిగ్రీ సదువుతంది. హాస్పటల్లో వాళ్ళ నాన్నకి షాపు సంగతి సెప్పాలని ఒచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి సున్నీ ముక్కుకి అడ్డం పెట్టీసింది.

"చాచా, లోపల ఏదో సచ్చింది."

"ఏటీ సావలేదమ్మా."

"లేదు చాచా, సచ్చింది. పెద్దదే సచ్చింది."

ఎతికింది. ఎతికి ఎతికి మూర్తిగారి జాకెట్ కాడ ఆగింది. నాను ఎల్లి జాకెట్లో మొకం పెట్టి పీల్సాను. నాకేటీ రాలేదు. ఇంటికి తీసికెల్లి పోలమ్మకి సూపించాను. అదీ పీల్సింది. "శుభ్రంగా ఉంది కదా" అంది. పుట్టిన కాడి నుంచీ సేపల మజ్జిన బతికినోళ్ళం, మా ఇద్దరి ముక్కులకీ ఆ వాసన గాలితో సమానం. అప్పుడర్థమైంది నాను సేసిన పని. ఆదివారానికి నాలుగు రోజులుంది.

శనగపిండి సల్లి రుద్దాను. రెహానాని పిలిసాను, నా ముక్కు పనికిరాదు కదా. దూరం నుంచే పీల్సి, "బజ్జీ చేసిన చేప" అంది. సాంబ్రాణి పొగేసాను. "దర్గాకొచ్చిన చేప" అంది. కాఫీ పొడి మూటలు కట్టి జేబుల్లో పెట్టాను. "ఇప్పుడు చేప నిద్ర లేచింది చాచా" అంది. నాకు ఏడుపొత్తంది, ఆ పిల్లకి నవ్వాగట్లేదు.

గాలి తగిలితే పోతాదేమో అనిపించింది. ఎండలో పెడితే తోలు పగిలిపోతాది. బీచ్ కాడ ఆరేత్తే ఉప్పు పడతాది. స్కూటర్ ఎనకాల కడితే గీతలు. ఇంకేటుంది, ఏసుకుని తిరగడమే. కస్టమరు జాకెట్ తొడుక్కుని, జిప్పు తెరిసి, ఆటోనగర్ మీదుగా దువ్వాడ దాకా, దువ్వాడ నుంచి మళ్ళీ ఎనక్కి. గాలి బానే కొట్టింది. కానీ లోపల నా సెమట ఒకటి మొదలైంది. సిగ్నల్ కాడ ఆగితే పక్క బండోళ్ళు బళ్ళు ఎనక్కి లాక్కుంటన్నారు.

దువ్వాడ స్టేషన్ బయట టీ కొట్టు కాడ ఆగాను. టీ గ్లాసు నోటి కాడ పెట్టుకుంటన్నాను, ఎనక నుంచి మాట.

"నూకరాజూ. అది నాదే కదా?"

మూర్తిగారు. సేతిలో పేపరు.

"కాదండి" అనీసాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

"నా పేరు నీ గుండె మీద రాసుంది. కాదంటావేంటయ్యా?"

కిందకి సూసుకున్నాను. నిజమే, రాసుంది. టీ కొట్టోడు పకపకా నవ్వాడు. మూర్తిగారు నవ్వలేదు. రెండడుగులు దగ్గరకొచ్చి ఆగిపోయారు. "ఏమిటీ కంపు?" అన్నారు.

మొత్తం సెప్పీసాను. సొర నూనె, పిల్లులు, బజ్జీ, దర్గా, అన్నీ. సెప్పి జాకెట్ ఇప్పబోయాను.

"విప్పకు. అటు తిరుగు."

తిరిగాను. కొడతారేమో అని బుజాలు బిగబట్టుకున్నాను.

"ఇన్నేళ్లు వేసుకున్నాను. వెనక నుంచి ఎలా ఉంటుందో నాకు తెలీదు" అన్నారు. తిరిగి సూసేసరికి మొకం మళ్ళీ గట్టిగా పెట్టీసారు. "ఆదివారం పొద్దున్నకి ఇది నా ఒంటి మీదుండాలి. ఎలా చేస్తావో నాకు తెలీదు. మీ ఉస్తాద్‌కి చెప్పు" అని ఎల్లిపోయారు.

ఉస్తాద్ గారు

ఆయన ఇంటికొచ్చీసారు అప్పటికి. కంటికి కట్టు. జాకెట్ సంచీలో పెట్టి గుమ్మం బయట నిలబడ్డాను. నాను నోరు ఇప్పకముందే ఆయన, "సొర" అన్నారు.

తిడతారనుకున్నాను. జాకెట్ ఒళ్ళో పెట్టుకుని, కట్టుకట్టిన కంటితో సేతులేసి తడిమారు. భుజం కాడ, సంక కాడ, మోసేతి కాడ.

"ఎంత రాశావు?"

"అరడబ్బా."

"నాలుగు చుక్కలు చాలేవి. గుడ్డకి వేసి తుడవాలి. నువ్వు పడవకి రాశావు, జాకెట్‌కి కాదు." మోసేతి కాడ మళ్ళీ నొక్కి, "లోపలికి వెళ్లిపోయింది. ఇంక బయటికి లాగితే తోలే పోతుంది. పైనున్నది మాత్రం తీద్దాం" అన్నారు.

సుద్దపొడి సల్లి, గుడ్డతో తుడిసి, మళ్ళీ సల్లి, మళ్ళీ తుడిసి, పాత పేపర్లలో సుట్టి పెట్టాము. ఆయన సెప్తంటే నాను సేసాను. వాసన సగం తగ్గిందని రెహానా అంది. సగం అంటే సేప మిగిలే ఉంది, మరి.

శనివారం ఉస్తాద్ గారు కట్టుతోనే ఆటో ఎక్కారు. దువ్వాడలో మూర్తిగారి అపార్ట్‌మెంట్. తలుపు తియ్యగానే ఉస్తాద్ గారు సేతులు జోడించీసారు. "నా షాపులో జరిగింది సాబ్. తప్పు నాది" అన్నారు. నాను సేసిన దానికి ఆయన సేతులు జోడించడం సూసాను. మా అయ్య పోయినప్పుడు కూడా నాను అంత తల దించుకోలేదు.

మూర్తిగారు జాకెట్ అందుకున్నారు. లోపలికి తీసికెల్లలేదు, వరండాలోనే ఏసుకున్నారు. ఎడం సెయ్యి దూరింది. కుడి సెయ్యే ఆయనకి రాదు. మెల్లిగా ఎనక్కి పెట్టారు. సెయ్యి జారిపోయింది లోపలికి, నీళ్ళల్లో జారినట్టు. జిప్పు పైదాకా ఎల్లింది. తర్వాత ఆయన సెయ్యి ఎత్తారు. నడుము దాటింది, ఛాతీ దాటింది, భుజం దాటింది. తోలు ఒక్క సప్పుడు సెయ్యలేదు. సేతి ఏళ్ళు కణత కాడికెల్లి ఆగినాయి.

అలాగే నిలబడిపోయారు. లోపల నుంచి ఆయన భార్య, "ఏమండీ, ఎవరైనా చేపలు పట్టుకొచ్చారా?" అని కేకేసింది.

"ఆఁ. పెద్ద చేప" అన్నారు ఆయన, సెయ్యి దించకుండానే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాకు కొంచెం ధైర్యమొచ్చింది. "మొత్తానికి బాగైంది కదా ఉస్తాద్" అన్నాను.

"అది నీ అదృష్టం. పని కాదు. రెండూ ఒకటి అనుకున్న రోజు షాపుకి రాకు" అన్నారు. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ అనలేదు. జాకెట్ల పని నా సేతికి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ ఏప్రాన్లే కుట్టాను.

ఇప్పుడు నేర్చుకునీవోళ్ళకి సెప్తన్నాను. సొర నూనె రాయకండి. పెద్దాయన సెయ్యి ఎత్తాడు కదా అని అస్సలు రాయకండి. అడిగిందే సెయ్యండి. ఇంకోటి సెయ్యాలనిపిత్తే కస్టమరుని అడగండి. నాను ఒక్క మాట అడిగుంటే ఆయనే ఏదో సెప్పీవోరు. తప్పు జరిగితే ఎంటనే పెద్దోళ్ళకి సెప్పీయండి. నాను రెండ్రోజులు శనగపిండి, సాంబ్రాణి అని తిరక్కుండా మొదటి రోజే సెప్పుంటే, సేప ఇంకా తగ్గీది.

ఫోటో

ఆ ఫోటో మూర్తిగారు ఒక కాపీ ఉస్తాద్ గారికి పంపారు. తొమ్మిది మంది పెద్దోళ్ళు, అందరూ సెల్యూట్ కొడతన్నారు. మూర్తిగారు మజ్జిలో ఉన్నారు. ఆయనకి ఇటో కుర్సీ, అటో కుర్సీ కాళీ. మిగతా ఎనిమిది మందీ రెండు సివర్లకీ జరిగిపోయి, ఒకే కుర్సీ మీద ఇద్దరేసి ఇరుక్కుని కూకున్నారు. ఒకాయన ఒక సేత్తో సెల్యూట్ కొడతా రెండో సేత్తో ముక్కు మూసుకున్నారు. మూర్తిగారి సెయ్యి మాత్రం సక్కగా కణత కాడుంది. పళ్ళన్నీ కనపడేలాగ నవ్వుతన్నారు.

ఉస్తాద్ గారు దానికి ఫ్రేము కట్టించి షాపులో బల్ల పైన, ఒచ్చినోళ్ళకి ముందు అదే కనపడేలాగ తగిలించారు. "ఆ కుర్చీలు ఎందుకు ఖాళీ అని ఎవరడిగినా నువ్వే చెప్పాలి. ఏదీ దాచకూడదు" అన్నారు. అదే నాకేసిన శిక్ష. ఆయన పోయినా రెహానా ఆ ఫోటో తియ్యలేదు. నాను అడగలేదు. ఇరవయ్యేళ్ళ పైగా, అడిగిన ప్రతి కస్టమరుకీ మొదట్నుంచీ సివరిదాకా సెప్పాను. నిన్న కూడా ఒకమ్మాయి అడిగింది.

అందుకే నోటితో సెప్పడం బానే అలవాటైపోనాది. రాయడమే ఇది మొదటిసారి. ఎక్కడైనా ఒత్తు జారిపోతే, మాట అటూ ఇటూ అయిపోతే, నాలుగు సుక్కలు సాలిన కాడ అరడబ్బా పోసీసుంటే, పెద్ద మనసుతో నన్ను మన్నించీయండి.